బహాదూర్ పతకానికి రెండో అంచు

మా ఆయన దత్తాత్రికి లోకమంతా బట్టలాగే కనిపిస్తుంది. పెళ్ళికి పోతే పెళ్ళికూతురి ముఖం చూడడు, కొంగు తిరగేసి చూస్తాడు. ఆ మధ్య మా సందులో ఒక ముసలాయన పోతే, దండం పెట్టడానికి వంగినవాడు శవం మీద కప్పిన గుడ్డను రెండు వేళ్ళతో నలిపి, "పోగు పల్చగున్నదే" అని నా చెవిలో ఊదాడు. పక్కనే ఏడుస్తున్న కోడలు వినేసింది. ఆ ఇంటివాళ్ళు ఈనాటికీ మాతో మాట్లాడరు. నలభై ఏళ్ళ కాపురం నాది. ఇప్పుడు చెప్పబోయే తప్పు ఈ మనిషి తప్ప ఇంకొకరు చేయలేరని ఒట్టేసి చెప్పగలను.

మేముండేది సోలాపూర్‌లో, దాజీ పేట్‌లో. ఊరు మహారాష్ట్రదైనా ఈ పేటంతా మా తెలుగు నేతగాళ్ళదే. సందు పొడుగునా కరెంటు సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడే. మా ఇంట్లో మాత్రం ఇంకా చేతిమగ్గం ఉంది. దాని మీద మా ఆయన గోడకు వేలాడదీసే బొమ్మల బట్టలు నేస్తాడు. దేవుళ్ళు, నాయకులు, అడిగితే కొత్త పెళ్ళిజంటలు. నేను గుమ్మంలో చాట పెట్టుకుని బీడీలు చుడతాను. బీడీ పనికి చేతులు చాలు, కళ్ళూ చెవులూ ఖాళీగానే ఉంటాయి. అందుకే సందులో ఎవరింట్లో ఏం జరిగినా మొదట నాకు తెలుస్తుంది. ఇదేమీ గొప్ప కోసం చెప్పడం లేదు.

అంతటి నాకే మా మేడ మీద గదిలో అద్దెకున్న మనిషి సంగతి ఇరవై ఏళ్ళు తెలియలేదు. అతని పేరు హర్కబహాదూర్. నేపాల్ మనిషి. మన సైన్యంలో గూర్ఖా పటాలంలో చేసి దిగిపోయాడు. ఊళ్ళో భార్య పోయింది, పిల్లల్లేరు. ఎవరో తోటి సిపాయి చెప్పగా ఇక్కడికొచ్చి, సందు చివర టవళ్ళ కార్ఖానాలో కాపలా ఉద్యోగంలో చేరాడు. లారీ వస్తే గేటు తీయాలి, పోతే వేయాలి. తెలుగు అచ్చం మాలాగే మాట్లాడతాడు. మా ఆయన్ను దత్తన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. యుద్ధం ఎట్లుండె అని ఎవరైనా అడిగితే "చలి మస్తుండె" అని ఊరుకుంటాడు.

అతను చెప్పకపోతే ఏం, చెప్పడానికి ఎదురింటి సుందరాబాయి ఉంది కదా. ఆమె లెక్కలో బహాదూర్ ఒంటిచేత్తో రెండు వందల మందిని చంపాడు.

"మొన్న నూట యాభై అంటివి గదనే" అని నేనడిగాను.

"యాభై మంది యాదికి రాలే అక్కా" అంది, బీడీకి దారం చుడుతూనే.

అసలు సంగతి కార్గిల్ యుద్ధానికి పాతికేళ్ళు నిండిన జూలైలో బయటపడింది. మాజీ సైనికుల సంఘమొకటి కొంతం చౌక్ దగ్గర ఒక మంగళ కార్యాలయంలో, పెళ్ళిళ్ళు చేసే హాల్లో, సభ పెడుతోంది. పతకాలు వచ్చినవాళ్ళు వాటిని పెట్టుకుని రావాలి, ముందు వరుసలో కూర్చోవాలి అని బహాదూర్‌కు మరాఠీలో ఉత్తరం వచ్చింది. పక్కింటి కాలేజీ పిల్ల శీతల్ మా గుమ్మంలో నిలబడి గట్టిగా చదివింది. "శ్రీ హర్కబహాదూర్ పున్, వీరచక్ర" అని చదివి, ఆగి, మళ్ళీ చదివింది. నా చాటలోని ఆకంతా కింద పడింది.

"వీరచక్రనా? నీకా?" అన్నాను.

"ఆఁ, ఇచ్చిన్రు వదినా" అన్నాడు, ఎవరో రుమాలు ఇచ్చినట్టు.

శీతల్ కింది పేరా చదివింది. పైనుంచి తూటాలు కురుస్తుంటే ఇతను గాయపడిన ముగ్గురిని ఒక్కొక్కరిగా వీపున వేసుకుని కొండ దించాడట. ఒకరిని దించడం, మళ్ళీ పైకెక్కి ఇంకొకరిని దించడం, అట్లా మూడుసార్లట. మూడో మనిషి అతని మేజర్ సాబ్. ఆ సాబే కర్నల్‌గా రిటైరై, ఇప్పుడు ఈ సభకు పెద్ద అతిథిగా వస్తున్నాడట.

సుందరాబాయి ముఖం వాడిపోయింది. "అంటే ఎవ్వర్నీ సంపలేదా?" అంది.

"నేను పోను" అన్నాడు బహాదూర్. "పతకం ఖరాబైంది."

మేడెక్కి ఒక రేకు డబ్బా తెచ్చి మా ముందు మూత తీశాడు. వెండి పతకం. నడుమ నక్షత్రం. శీతల్ ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తింది. మగ్గం గుంటలోంచి లేచొచ్చిన మా ఆయన మాత్రం పతకం వైపు కూడా చూడలేదు. అది వేలాడే పట్టీ వైపు చూశాడు. పట్టీ అనడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఎలుక కొరికి కొరికి వదిలేసిన గోరంత పీలిక మిగిలింది.

"ఎవడు నేసిండు గిది?" అన్నాడు మా ఆయన, మూతి ముడిచి. "గాలికి నేసిండు."

ఇరవై ఏళ్ళుగా నెత్తిమీద వీరుణ్ణి పెట్టుకుని బతుకుతున్న మనిషి అన్న మొదటి మాట ఇది.

నేను ఊరుకుంటానా. సాయంత్రం చాయ పట్టుకుని మేడెక్కాను. ఎలుక పేరు చెప్పి తప్పించుకోవద్దని, అసలు సంగతేందో చెప్పమని కూర్చున్నాను. బహాదూర్ చాలాసేపు చాయ ఊదాడు. అది అప్పటికే చల్లారిపోయింది.

"సాబ్ శాన చిట్టీలు రాసిండు వదినా. పాత పత్తాకు రాస్తే అవి తిరిగి తిరిగి నా కాడికి వచ్చినయి. ఒక్కదానికి జవాబియ్యలే. ఏమని రాయాలె? లారీలకు గేటు తీస్తున్న అనా? సాబ్ మనసుల నేను ఇంకా ఆ కొండ మీదనే ఉన్న. ఆడనే ఉండనీ."

"సాబ్‌ను చూడాలని లేదా?"

"ఎందుకు లేదు? కండ్లనిండ చూడాలె. గని పోతే సిపాయి లెక్క పోవాలె. బటన్లు సక్కగ, బూట్లు సక్కగ, పతకం సక్కగ. ఒక్కటి తక్కువైనా సాబ్ ముంగట నిలబడ."

ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే నవ్వుతూ నమస్తే పెట్టే మనిషి లోపల ఇంత సిగ్గు దాచుకున్నాడా అనిపించింది. గేటు తీయడం సిగ్గుపడే పనా? అట్లయితే బీడీలు చుట్టే నేను ఎక్కడ దూకాలి? కానీ మనసుకు చెబితే వింటుందా. ఏం చేసైనా ఈ మనిషిని ఆ సాబ్ ముందు తలెత్తుకుని నిలబెట్టాలని అప్పుడే పట్టుబట్టాను. దానికి మొదట కావలసింది పట్టీ.

"పూణెల దుకాణముంటది, అక్కడ దొరుకుతది" అన్నాడు బహాదూర్.

మా ఆయన చెవిన ఆ మాట పడింది. అంతే. "పూణెనా? సోలాపూర్ల కూసోని, దాజీ పేట్‌ల కూసోని, జానెడు పట్టీ కోసం పూణె పోతవా? నా మగ్గానికి అగ్గి పెట్టి పో" అని ఎగిరాడు. దేవుడి బొమ్మ సగంలో ఉంటే దాన్ని పక్కన పెట్టేశాడు. పాత చిన్న మగ్గం దుమ్ము దులిపాడు. నీలం సరిగ్గా రావాలని జోడ్‌భావి పేట్‌లో రంగులద్దే వాడి దగ్గరికి మూడుసార్లు తిరిగాడు. మూడోసారి ఆ మనిషి చేతులెత్తి దండం పెట్టాడట. నేను బీడీలు మానేసి కండెలకు నూలు చుట్టాను. సభకు ఇంకా నాలుగు రోజులే.

ఎలుక మిగిల్చిన పీలికను మా ఆయన భూతద్దం కింద పెట్టి చూశాడు. ఒక అంచున నీలం, దాని పక్కన కాషాయం. అవతలి అంచు ఎలుక కడుపులో ఉంది.

"అవతల గూడ నీలమే" అని తేల్చాడు.

"నీకెట్ల ఎర్క?"

"అరే, అంచంటే రెండు పక్కల ఉంటది గదనే. ఒక పక్క అంచేసి ఇంకో పక్క ఇడిసిపెట్టే బట్ట ఎక్కడన్న చూసినవా?"

"బహాదూర్‌ను ఒక్క మాట అడగరాదు?"

"బట్ట సంగతి సిపాయినడుగుతనా?" అని నన్ను పైనుంచి కిందికి చూశాడు. "తుపాకి సంగతి నన్నెవడన్న అడుగుతడా?"

రెండు రోజులు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చుని నేశాడు. ఇటు నీలం, నడుమ కాషాయం, అటు నీలం. నిజం చెప్పాలి, అంత ముద్దొచ్చే పట్టీ నేనెక్కడా చూడలేదు. సందంతా వచ్చి చూసి పోయింది. ముట్టుకుంటామన్నవాళ్ళను మా ఆయన చేతులు కడుక్కుని రమ్మన్నాడు.

సభ రోజు పొద్దున శీతల్ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఫోన్ నా ముక్కు ముందు పెట్టి, "పెద్దమ్మా, బఘ జరా, జర ఇటు చూడు" అంది. అందులో వీరచక్ర బొమ్మ. పట్టీ సగం నీలం, సగం కాషాయం. అంతే. రెండో నీలం లేదు.

"నోరు మూస్కో" అన్నాను.

ఎందుకన్నానంటే, అయిదేళ్ళ కింద ముంబయి నుంచి వచ్చిన ఒక బేరగాడు మా ఆయన నేసిన ఏనుగుల బట్ట చూసి, మూడో ఏనుగుకు మెల్లకన్ను వచ్చిందన్నాడు. మా ఆయన నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. అయిదో రోజు ఆ బట్టంతా పోగు పోగు విప్పేశాడు. ఇప్పుడీ సంగతి తెలిస్తే మనిషి మిగులుతాడా? అయినా సభలో ఎవరు చూడొచ్చారు, ఒక నీలం గీత ఎక్కువైతే దేశానికేం నష్టం అనుకున్నాను. అది నా తెలివి. శీతల్ నోరు మూసుకుంది గానీ, మూసుకునే ముందు సుందరాబాయికి చెప్పింది. పావుగంటలో సందులో ఆ సంగతి తెలియనివాడు మా ఆయన ఒక్కడే. అందరూ వచ్చి "వా దత్తన్నా, వా" అని మరీ మెచ్చుకున్నారు. ఆ మనిషి ఉబ్బి తబ్బిబ్బయ్యాడు.

బహాదూర్ మేడ దిగొచ్చాడు. నల్ల కోటు, ఒక పక్కకు వాల్చిన పటాలం టోపీ, ముఖం కనిపించేలా మెరిసే బూట్లు. కాపలా మనిషి ఎక్కడికో పోయి, అతని బదులు వేరే ఎవరో దిగొచ్చినట్టుంది. మా ఆయన తనే పతకం తీసి అతని గుండె మీద గుచ్చాడు.

బహాదూర్ తల వంచి చూసుకున్నాడు. చూపు పట్టీ మీద ఆగింది. అతనికి తెలిసిపోయింది. పాతికేళ్ళు డబ్బాలో దాచుకున్న మనిషికి తెలియకుండా ఉంటుందా?

"అటు పక్క అంచుల ఒక పోగు తెగింది" అన్నాడు మా ఆయన, చిన్నపిల్లవాడిలా. "ఏడ తెగిందో కనిపెట్టు చూస్త."

బహాదూర్ వెతికాడు. నిజంగానే వెతికాడు. "కనిపిస్తలే దత్తన్నా. మస్తుగ నేసినవ్" అన్నాడు.

శీతల్, సుందరాబాయి కూడా మాతో బయల్దేరారు. దారిలో మా ఆయన నాలుగడుగులు ముందు నడుస్తుంటే నేను బహాదూర్ పక్కకు చేరి, "నీకు ఎర్కైంది గద?" అని అడిగాను.

"మెల్లగ వదినా. అన్నకు ఇనపడతది."

"ఒక్కటి తక్కువైనా సాబ్ ముంగట నిలబడ అంటివి."

"తక్కువ కాదు గద, ఒకటి ఎక్కువైంది" అని నవ్వాడు. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. బూట్ల చప్పుడు మాత్రం సరిగ్గా, ఒకే కొలతలో పడుతోంది.

మంగళ కార్యాలయం గుమ్మంలో బల్ల వేసుకుని ఒక కుర్రాడు కూర్చున్నాడు. చేతిలో పేర్ల కాగితం, పక్కన ఫోన్. నిరుడు ఎవడో సంతలో కొన్న పతకాలు పెట్టుకొచ్చి ముందు వరుసలో కూర్చున్నాడట. అందుకని ఈసారి తనిఖీ. వాడి పని వాడు చేశాడు, తప్పులేదు. ఆ నిమిషంలో మాత్రం చెప్పు తీద్దామనే అనిపించింది.

"తాతా, ఈ పట్టీ వీరచక్రది కాదు. బజార్లో కొన్నారా?" అని మరాఠీలో అడిగాడు.

బహాదూర్ జవాబు చెప్పేలోగా మా ఆయన బల్ల గుద్దాడు.

"బజార్లదా? ఎవడన్నడు బజార్లదని? నేను నేసిన! ఈ చేతులతోని, రెండొద్దులు కూసోని నేసిన!"

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఆ కుర్రాడికి ఇంకెక్కడ దొరుకుతుంది? పోలీసులు కూడా ఇంత తేలిగ్గా ఒప్పించలేరు. "అంటే ఇది ప్రభుత్వం ఇచ్చింది కాదని మీరే చెబుతున్నారు" అంటూ వాడు ఫోన్‌లో బొమ్మ తీసి చూపించాడు.

మా ఆయన ఫోన్ అందుకున్నాడు. దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేశాడు. అంచు దాకా జరిపాడు, మళ్ళీ ఈ అంచుకు తెచ్చాడు.

"రెండో అంచు లేదు" అన్నాడు, తనలో తనే.

తర్వాత మా వైపు తిరిగాడు. "మీకు ఎర్కనా?"

శీతల్ చున్నీ సర్దుకుంది. సుందరాబాయి పైన తిరిగే ఫ్యాన్‌ను శ్రద్ధగా చూసింది. నేను నేల చూశాను.

"ఎర్కే అన్నా" అన్నాడు బహాదూర్.

"మరి ఎందుకు జెప్పలే?"

"మంచిగ నేసినవ్. ఏం జెప్పాలె?"

ఇంతలో సంఘం పెద్ద ఒకాయన వచ్చాడు. ఉత్తరం చూశాడు, గుర్తింపు కాగితం చూశాడు, మనిషి అసలైనవాడే అని తేల్చాడు. తమ సంచిలో సరైన పట్టీ ఒకటి ఉందని, రెండు నిమిషాల్లో మార్చేయవచ్చని, మార్చాకే ముందు వరుసలో ఆయన పేరుతో ఉన్న కుర్చీలో కూర్చోవచ్చని చెప్పాడు. నా ప్రాణం లేచి వచ్చింది. మా ఆయన నా కంటే ముందే జేబులోంచి పోగులు కత్తిరించే చిన్న కత్తెర తీశాడు.

"ఇటు రా బహాదూర్. నా చేతితోనే ఊడదీస్త."

నాకు ఏడుపొచ్చింది. ఎంత వెటకారం చేసినా నా మొగుడు కదా.

బహాదూర్ పతకం మీద అరచెయ్యి పెట్టి మూసేశాడు. "వద్దు."

"సాబ్ చూస్తడురా! తప్పంటడు!"

"అననీ."

అని, ముందు వరుస వైపు చూడకుండా, నేరుగా పోయి చిట్టచివరి వరుసలో కూర్చున్నాడు. పక్క కుర్చీ మీద చేత్తో కొట్టి మా ఆయన్ను పిలిచాడు. మేమూ పోయి కూర్చున్నాం. ఎక్కడో టవళ్ళ మూటల పక్కన కూర్చున్నంత మామూలుగా కూర్చున్నాడు గానీ, మోకాళ్ళ మీద వేళ్ళు మాత్రం ఒకదాన్నొకటి పిసుకుతూనే ఉన్నాయి.

కర్నల్ సాబ్ వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్ల మీసం. ఒక కాలు వంగదు, చేతికర్ర ఉంది. వేదిక ఎక్కి, కూర్చోకుండా ముందు వరుసలో ముఖాలు ఒక్కొక్కటీ చూశాడు. ఖాళీ కుర్చీ మీద పేరు చదివాడు. పక్కవాడిని ఏదో అడిగాడు. వాడు మా వైపు చెయ్యి చూపాడు. సాబ్ వేదిక దిగాడు. మైకులో సాబ్ పేరు పిలుస్తూనే ఉన్నారు, ఆయన కర్ర తాటించుకుంటూ నడుమ దారిలో వస్తూనే ఉన్నాడు. సభ సభంతా వెనక్కి తిరిగింది.

బహాదూర్ నిటారుగా లేచి నిలబడ్డాడు. సాబ్ ఎదురుగా వచ్చి ఆగాడు. ముందు ముఖం చూశాడు. తర్వాత పట్టీ చూశాడు.

మా ఆయన లేచాడు. "సాబ్, గల్తీ నాది" అన్నాడు తనకొచ్చిన హిందీలో. "అంచు రెండు పక్కల ఉంటదనుకున్న. ఈయనది ఏం తప్పు లేదు." నలభై ఏళ్ళలో ఆ నోట గల్తీ నాది అనే మాట నేను వినలేదు.

సాబ్ తలూపాడు. బహాదూర్‌ను అడిగాడు. "ఇన్నేళ్ళు ఎక్కడున్నావు?"

"ఈ ఊళ్ళోనే సాబ్. కార్ఖానాలో గేటు కాపలా." చెప్పేశాడు. తల వంచలేదు.

"నేను ఊరూరా వెతుకుతున్నాను, నువ్వు గేటు దగ్గర కూర్చున్నావా?" అన్నాడు సాబ్. "ముందు నీ కుర్చీ ఉంది. పట్టీ మార్చుకుని రమ్మంటే రానన్నావట."

"జీ సాబ్."

సాబ్ ఒక్క నిట్టూర్పు విడిచి, మా వరుసలోనే ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఏదో ఫిర్యాదు చేస్తున్నట్టు మా ఆయనకే చెప్పాడు. "ఆ రోజు కొండ మీద కాలికి తూటా తగిలి పడిపోయాను. నన్నిక్కడే వదిలి నువ్వు దిగిపో, ఇది ఆర్డర్ అన్నాను. వినలేదు. ఇవాళ ముందుకు రమ్మంటే ఇవాళా వినడు. ఇలాంటివాడికి పతకం ఎట్లా ఇచ్చారో!"

బహాదూర్ ఇంకా నిలబడే ఉన్నాడు. జవాబు హిందీలో ఇవ్వవలసింది, అలవాటులో తెలుగులో వచ్చేసింది.

"పక్కోన్ని ఇడిసిపెట్టి పోవుడు నాకు రాదు సాబ్."

"ఏమన్నాడు?" అని సాబ్ మా ఆయన్ను అడిగాడు. మా ఆయన చేతిలోని కత్తెరను మెల్లగా జేబులో పెట్టేసుకున్నాడు. నేనే చెప్పాను.